ఆగితే దేనికోసం? గోదావరి డెల్టాలో అల్ట్రావైడ్ మానిటర్ లెక్క

2025 సెప్టెంబరు 22కు ముందు 32 అంగుళాల మానిటర్ కొంటే 18 శాతం జీఎస్టీ, 34 అంగుళాలది కొంటే 28 శాతం. రెండంగుళాల తేడాకి పది శాతం పన్ను. గేమింగ్ అల్ట్రావైడ్‌లలో, అంటే మామూలు తెర కంటే పక్కలకి సాగి ఉండే మానిటర్లలో, ఎక్కువ భాగం 34 అంగుళాలవే కాబట్టి ఆ గీత సరిగ్గా వాటి నెత్తినే పడేది. జీఎస్టీ కౌన్సిల్ 56వ సమావేశం గీత చెరిపేసింది. పన్నుతో కలిపి 40 వేలున్న మానిటర్ లెక్క ప్రకారం 36,875 రూపాయలకు దిగాలి. దాదాపు ఎనిమిది శాతం. 27 అంగుళాల మామూలు మానిటర్లకి ఈ లాభం లేదు, అవి ముందునుంచీ 18 శాతంలోనే ఉన్నాయి.

అంతకుముందు ఏడాదిపాటు "ఆగుదాంలే" అంటూ వచ్చినవాళ్లకి ఇది కలిసొచ్చింది. అయితే వాళ్లెవరూ పన్ను తగ్గుతుందని ఆగలేదు. ఇంకా మంచి ప్యానెల్ వస్తుందనో, పండగ ఆఫర్ వస్తుందనో, ఏదో ఒకటి వస్తుందనో ఆగారు. కలిసొచ్చిన ఆగడం వేరు, లెక్కేసుకుని ఆగడం వేరు. ఆ వెంటనే పరిస్థితి రెండోవైపు తిరిగింది కూడా. 2025 డిసెంబరులో డాలరు 90 రూపాయలు దాటింది. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులను ఎగరేసుకుపోతుంటే ర్యామ్ ధరలు మండిపోయాయి. క్రూషియల్ పేరుతో మామూలు కొనుగోలుదార్లకి ర్యామ్, ఎస్ఎస్‌డీలు అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు మైక్రాన్ అదే నెలలో ప్రకటించింది. మానిటర్‌లో మెమరీ వాడకం స్వల్పమే. కానీ ర్యామ్‌కీ గ్రాఫిక్స్ కార్డుకీ మానిటర్‌కీ డబ్బు వచ్చేది ఒకే జేబులోంచి. మొదటి రెండూ ఎక్కువ లాగేస్తే మూడోదానికి మిగిలేది తగ్గుతుంది.

కాబట్టి ఆగడం ఉచితం కాదు. దేనికోసం ఆగుతున్నారో దానికో పేరుండాలి, అది ఎప్పటికి చేతికొస్తుందో ఒక అంచనా ఉండాలి, అది తీర్చే ఇబ్బంది ఇప్పుడు నిజంగా ఉండాలి. ఈ మూడూ లేకపోతే కొనేయడమే మేలు. ఈ మూడూ ఎవరికి ఉన్నాయి, ఎవరికి లేవు అన్నదే అసలు చర్చ.

మూడేళ్లు ఆగినవాళ్లకి ఏం దక్కింది

ఆగడం విలువ తెలియాలంటే జరిగిపోయినదాన్ని చూడటం మంచిది. 2022లో డెల్ ఏలియన్‌వేర్ ఏడబ్ల్యూ3423డీడబ్ల్యూ వచ్చింది. శాంసంగ్ డిస్‌ప్లే తయారుచేసిన క్యూడీ-ఓఎల్‌ఈడీ ప్యానెల్‌తో (ఓఎల్‌ఈడీ అంటే ప్రతి పిక్సెల్ తనంతట తాను వెలిగే తెర, క్యూడీ అందులో ఒక రకం) మార్కెట్లోకొచ్చిన మొదటి మానిటర్ అది. 34 అంగుళాలు, 3440×1440 పిక్సెల్‌లు, 175 హెర్ట్జ్ (అంటే సెకనుకి 175 సార్లు బొమ్మ మార్చగల వేగం, దీన్నే రిఫ్రెష్ రేటు అంటారు), అమెరికాలో ధర 1,299 డాలర్లు. 2025లో దాని వారసుడు ఏడబ్ల్యూ3425డీడబ్ల్యూ వచ్చింది. అదే సైజు, అదే రిజల్యూషన్, 240 హెర్ట్జ్, 799 డాలర్లు. మూడేళ్లలో 500 డాలర్లు తగ్గింది, వేగం పెరిగింది. చూడగానే ఆగినవాడిదే గెలుపు అనిపిస్తుంది.

ఇదే లెక్కని రూపాయల్లోకి మార్చి చూస్తే కొంచెం చప్పబడుతుంది. 2022 వసంతంలో డాలరు 76 రూపాయల దగ్గర ఉంది. పన్నులు, రవాణా పక్కనపెట్టి ఉత్త మారకం చూసుకుంటే 1,299 డాలర్లంటే సుమారు 99 వేలు. డాలరు 90 అయ్యాక 799 డాలర్లంటే 72 వేలు. డాలర్లలో 38 శాతం తగ్గిన ధర మనకి 27 శాతమే తగ్గింది. మిగతాది రూపాయి మింగేసింది. విదేశీ సమీక్షలు చూసి "ఇంకో ఏడాదికి సగం ధరకి వస్తుంది" అనుకునేవాళ్లు మరిచిపోయేది ఇదే.

పైగా ఆ మూడేళ్లూ స్క్రీన్ లేకుండా గడిచిన మూడేళ్లు. ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో ఆగుదామనుకున్న కుర్రాడు కొనే సమయానికి చదువు అయిపోయి గచ్చిబౌలిలో పీజీ గదిలో ఉంటాడు, అక్కడ 80 సెంటీమీటర్ల వెడల్పు మానిటర్ పెట్టుకోవడానికి బల్లే ఉండదు. ఆ నష్టాన్ని ఏ ధరల పట్టికా చూపించదు.

అయితే ఓఎల్‌ఈడీ సంగతి వేరు, వీఏ ప్యానెల్ సంగతి వేరు. వీఏ అంటే వెనక దీపంతో వెలిగే ఎల్‌సీడీలో ఒక రకం. 3440×1440 వీఏ మానిటర్ ఇప్పుడు పాతబడిన సరుకు. మంచి అర్థంలోనే పాతబడింది. ఆ రకంలో రావాల్సిన మార్పులు చాలావరకు వచ్చేశాయి. రిఫ్రెష్ రేటు 144 నుంచి 180 అయింది, నలుపు మీద కదిలే బొమ్మల వెనక తోకలా సాగే మరక కొంత తగ్గింది కానీ పూర్తిగా పోలేదు, పోయేదీ కాదు. అది ఆ ప్యానెల్ స్వభావం. ఈ తరగతిలో కొనేవాళ్లు ఎదురుచూడదగ్గ పెద్ద విశేషమేదీ దారిలో లేదు.

దారిలో ఉన్నవి

దారిలో ఉన్నవాటిలో రెండింటిని పట్టించుకోవాలి.

ఒకటి అక్షరాల సంగతి. ఎల్‌సీడీ ప్యానెల్‌లో ప్రతి పిక్సెల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు నిలువు గీతల్లా పక్కపక్కనే ఉంటాయి. విండోస్ అక్షరాల అంచులను నునుపు చేసే పద్ధతి ఆ వరసను నమ్ముకునే తయారైంది. ఇన్నాళ్లూ వచ్చిన క్యూడీ-ఓఎల్‌ఈడీలో ఆ మూడూ త్రికోణంలా అమరి ఉంటాయి. ఎల్‌జీ డబ్ల్యూఓఎల్‌ఈడీలో తెలుపు కూడా చేరి నాలుగవుతాయి. దాంతో అక్షరం అంచున సన్నగా రంగు కనిపిస్తుంది, పైనొక రంగు, కిందొక రంగు. ఆటలో ఇది కంటికి ఆనదు. రోజంతా చదివే పనిలో ఆనుతుంది. తెలుగు చదివేవాళ్లకి ఇంకొంచెం ఎక్కువ, ఎందుకంటే మన అక్షరంలో తలకట్టు, గుడి, కింద ఒత్తు అన్నీ అదే ఎత్తులో ఇరుక్కుంటాయి. ఇంగ్లీషులో బాగానే కనిపించిన సైజులో "స్త్రీ", "రాష్ట్రం" లాంటివి రాస్తే ఒత్తుల మధ్య ఖాళీల్లో ఆ రంగు మరకలు చేరతాయి. ప్రూఫు దిద్దేవాళ్లు, డీటీపీ చేసేవాళ్లు, పగలంతా కోడ్ చూసేవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

ఇక్కడే ఆగడానికి ఒక పేరు దొరుకుతుంది. శాంసంగ్ డిస్‌ప్లే మూడు రంగులనూ మళ్లీ నిలువు గీతల్లా పేర్చిన వీ-స్ట్రైప్ ప్యానెల్‌ను 34 అంగుళాల అల్ట్రావైడ్‌లోనే తెచ్చింది. 360 హెర్ట్జ్. 2025 డిసెంబరులో భారీ ఉత్పత్తి మొదలైంది, 2026 జనవరిలో లాస్ వెగాస్ సీఈఎస్ ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో ఏసుస్, ఎంఎస్ఐ, గిగాబైట్ లాంటి కంపెనీలు దానితో మానిటర్లు చూపించాయి. పేరుంది, ఉత్పత్తి మొదలైంది, తీర్చే ఇబ్బంది నిజమైనది. పగలు పని, రాత్రి ఆట ఒకే స్క్రీన్ మీద సాగించేవాడు, ఓఎల్‌ఈడీకే డబ్బు పెడదామనుకున్నవాడు, దీనికోసం కొన్ని నెలలు ఆగితే తప్పులేదు. ఉత్త ఆటలకే అయితే ఆగనక్కర్లేదు. కొత్తవి వచ్చాక పాత 240 హెర్ట్జ్ రకాల ధర కాస్త దిగుతుందేమో చూసుకోవచ్చు, అంతే.

రెండోది 5120×2160. దీన్నే 5కే2కే అంటున్నారు. ఎల్‌జీ 45జీఎక్స్950ఏ 2025లో 1,999 డాలర్లకి వచ్చింది. 45 అంగుళాలు, 165 హెర్ట్జ్. దీనికి ముందు వచ్చిన 45 అంగుళాల ఓఎల్‌ఈడీలు అంత పెద్ద తెర మీద 3440×1440నే పరిచాయి. అంగుళానికి 83 పిక్సెల్‌లు. కుర్చీ కొంచెం దగ్గరికి జరిపితే గళ్లు కనిపిస్తాయి. కొత్తదానిలో అంగుళానికి 123. చూడటానికి అద్భుతంగా ఉంటుంది, సందేహం లేదు. కానీ దీన్ని మోయాల్సిన గ్రాఫిక్స్ కార్డు సంగతి వేరే ఉంది, అక్కడికే వస్తున్నాం.

కార్డు, కేబులు

లెక్కలు ఇవి. మామూలు 1920×1080 తెర మీద పిక్సెల్‌లు సుమారు 20.7 లక్షలు. 2560×1440 మీద 36.9 లక్షలు. 3440×1440 మీద 49.5 లక్షలు. 4కే (3840×2160) మీద 83 లక్షలు. 5120×2160 మీద కోటీ పది లక్షలు. పాత ఫుల్ హెచ్‌డీ మానిటర్ నుంచి అల్ట్రావైడ్‌కి మారితే కార్డు ప్రతి ఫ్రేముకీ రెండింతలకు పైగా, దాదాపు 2.4 రెట్లు బొమ్మ గీయాలి. 5కే2కేకి వెళ్తే ఐదు రెట్లు దాటుతుంది, 4కే కంటే కూడా మూడోవంతు ఎక్కువ.

ధవళేశ్వరం దగ్గర కాలువ నిండా నీళ్లు వదిలినా శివారు పొలానికి ఎంత చేరుతుందన్నది మధ్యలో ఉన్న తూములు తేలుస్తాయి. 360 హెర్ట్జ్ మానిటర్‌కీ అంతే, కార్డు 70 ఫ్రేములిస్తే కనిపించేది 70 ఫ్రేములే. ఎక్కువ రిఫ్రెష్ రేటుకి డబ్బు పోసి, పాత కార్డుతో కొత్త ఆటలు ఆడేవాళ్లు ఈ డెల్టాలో తక్కువేం లేరు.

8 జీబీ మెమరీ ఉన్న కార్డులు 3440×1440లో కొత్త పెద్ద ఆటలకి ఇరుకవుతున్నాయి, టెక్స్చర్లు, అంటే ఆటలో వస్తువుల పైపొర వివరాలు, తగ్గించుకోవాల్సి వస్తుంది. 12 జీబీ ఉన్న ఆర్‌టీఎక్స్ 5070, 16 జీబీ ఉన్న ఆర్‌ఎక్స్ 9070 తరగతి కార్డులు ఈ రిజల్యూషన్‌కి సరైన జోడీ. డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్ లాంటి అప్‌స్కేలింగ్ పద్ధతులు (తక్కువ పిక్సెల్‌లతో గీసి తెరకి సరిపడా పెంచేవి) బరువు తగ్గిస్తాయి కాబట్టి అంతకన్నా చిన్న కార్డుతోనూ బతకొచ్చు. కానీ మానిటర్ 40 వేలు, కార్డు 25 వేలు అన్న పంపకం తిరగబడిన పంపకం. ముందు కార్డు, తరవాత మానిటర్. మెమరీ ధరల వల్ల కార్డులు ఇంకా ఖరీదయ్యే అవకాశం ఉన్నప్పుడు ఈ మాట మరీ గట్టిగా చెప్పాలి. మంచి కార్డు ఇప్పటికే ఉండి, 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెర మీద ఖాళీగా కూర్చుని ఉంటే మాత్రం మానిటర్ కోసం ఇంక ఆగడం దండగ.

కేబుల్ సంగతి క్లుప్తంగా. పాత ఆఫీసు ల్యాప్‌టాప్‌లో హెచ్‌డీఎమ్‌ఐ 1.4 పోర్టే ఉంటే 3440×1440 మీద 50 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది, మౌస్ కదలికే మొరటుగా కనిపిస్తుంది. 2.0 అయితే 100 దాకా వస్తుంది. గేమింగ్ కంప్యూటర్‌కి డిస్‌ప్లేపోర్ట్ 1.4 చాలు. 240 హెర్ట్జ్ దగ్గర డేటాని కుదించి పంపుతుంది, కంటికి తేడా తెలియదు. డిస్‌ప్లేపోర్ట్ 2.1 లేదని మంచి మానిటర్‌ని వదులుకోవద్దు.

ఏ ఆటలు, ఏ సినిమాలు

ఆశ్చర్యమేమిటంటే, అల్ట్రావైడ్ అడిగేవాళ్లలో చాలామంది రోజూ ఆడేది దానికి పనికిరాని ఆటలే. వాలరెంట్ 16:9 (మామూలు తెర వెడల్పు, ఎత్తుల పాళ్లు) దాటి చూపించదు, పక్కన నల్లటి పట్టీలు మిగులుతాయి. అది న్యాయం కోసం పెట్టుకున్న నియమం, వెడల్పు తెర ఉన్నవాడు ఎక్కువ చూడకూడదని. ఎల్డెన్ రింగ్ కంప్యూటర్‌లో కూడా 16:9కే కట్టేసి ఉంటుంది, పైగా 60 ఫ్రేములు. కౌంటర్-స్ట్రైక్ 2 వెడల్పు తెరని ఒప్పుకుంటుంది, అయినా పోటీల్లో ఆడేవాళ్లు 24, 25 అంగుళాల చిన్న తెరనే, తరచు 4:3 కొలతలో సాగదీసుకుని వాడతారు. పీఎస్5, ఎక్స్‌బాక్స్ గేమింగ్ కన్సోల్‌లు రెండూ అల్ట్రావైడ్ సిగ్నల్ ఇవ్వవు. ఇంట్లో పీఎస్5 ఉంది, దాన్నే పెడతాం అంటే 34 అంగుళాల అల్ట్రావైడ్ కొని మధ్యలో 27 అంగుళాల బొమ్మ చూడటమే.

27 అంగుళాలన్నది ఊహించి చెప్పిన అంకె కాదు. 34 అంగుళాల అల్ట్రావైడ్ ఎత్తూ, 27 అంగుళాల మామూలు మానిటర్ ఎత్తూ దాదాపు ఒకటే, 13 అంగుళాల పైచిలుకు. అల్ట్రావైడ్ పెద్ద మానిటర్ కాదు, పక్కలకి సాగిన 27 అంగుళాల మానిటర్. 32 అంగుళాల టీవీ ముందు ఆడటం అలవాటైన వాళ్లకి ఇది పొట్టిగా అనిపిస్తుంది. కొనేముందు తెలిసి ఉండాల్సిన మొదటి విషయం ఇదే, ప్రకటనల్లో చివరికి కూడా చెప్పరు.

దీని సొగసంతా వేరే ఆటల్లో ఉంది. ఫోర్జా హొరైజన్ 5లో రోడ్డు పక్కలు కంటి చివర్ల దాకా పారతాయి. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో కాక్‌పిట్ రెండు కిటికీలూ కనిపిస్తాయి. రాజమహేంద్రవరం మీదుగా ఎగిరి, గౌతమి, వసిష్ఠ పాయలు విడిపోయే చోటు చూసి, కోనసీమ కొబ్బరితోటల మీదుగా అంతర్వేది దాకా వెళ్లాలనుకునేవాళ్లకి ఈ తెర కంటే మంచిది లేదు. సైబర్‌పంక్ 2077 లాంటి ఒంటరి కథా ఆటల్లో కూడా డబ్బుకి తగ్గ ఫలితం కనిపిస్తుంది.

సినిమా విషయంలో ఒక అదృష్టం ఉంది, ఒక మెలికా ఉంది. 3440ని 1440తో భాగిస్తే 2.39. మన తెలుగు సినిమాలు ఎక్కువగా తీసే స్కోప్ కొలత అదే. సరిగ్గా అమరితే పైన, కింద నలుపు లేకుండా తెర నిండిపోతుంది. మెలిక ఏమిటంటే, చాలాచోట్ల సినిమాని 16:9 చట్రంలో నల్లపట్టీలు అంటించి మరీ పెడతారు. అప్పుడు నాలుగు వైపులా నలుపే, మధ్యలో తపాలా బిళ్లంత బొమ్మ. బ్రౌజర్‌లో జూమ్ చేసే ఎక్స్‌టెన్షన్‌లు దీన్ని చాలావరకు సరిచేస్తాయి. క్రికెట్‌ది 16:9 ప్రసారం, దానికి పక్కపట్టీలు తప్పవు. ఆ పట్టీ జాగాలో చాట్ పెట్టుకునేవాళ్లు ఉన్నారు, అదీ ఒక దారే.

ఇల్లు, కరెంటు

బయటి సమీక్షలు చెప్పని భాగం ఇదే, డెల్టాలో మాత్రం చాలాసార్లు తుది నిర్ణయం ఇక్కడే జరుగుతుంది.

క్యూడీ-ఓఎల్‌ఈడీ ప్యానెల్‌కి వెలుతురుని మింగే పోలరైజర్ పొర ఉండదు. చీకటి గదిలో దాని నలుపుకి సాటి లేదు. కిటికీ వెలుగు నేరుగా పడితే అదే నలుపు బూడిద రంగులోకో, కాస్త ఊదాలోకో తిరుగుతుంది. మండువా ఉన్న పాత లోగిళ్లలో, వసారా వైపు తెరుచుకునే గదుల్లో పగలంతా వెలుతురు. పైగా తెరంతా తెల్లగా ఉన్న పేజీలో ఇప్పటిదాకా వచ్చిన రకాల వెలుగు 250 నిట్స్ (తెర వెలుగుని కొలిచే ప్రమాణం) చుట్టూనే. అలాంటి గదిలో పగటిపూట వాడకమే ఎక్కువైతే మంచి వీఏ లేదా ఐపీఎస్ (ఎల్‌సీడీలో ఇంకో రకం) తెర డబ్బు మిగుల్చుతుంది, బాగానూ కనిపిస్తుంది. రాత్రి తలుపులేసుకుని ఆడేవాళ్లది వేరే లెక్క.

ఎల్‌సీడీకీ ఒక గొడవుంది. వరి పొలాల పక్క ఇళ్లలో సార్వా (ఖరీఫ్) పంట ముదిరే రోజుల్లో, సాయంత్రమయ్యేసరికి దీపాల చుట్టూ పురుగులు మూగుతాయి. వాటిలో నలకంత చిన్నవి అప్పుడప్పుడు బ్యాక్‌లైట్ పొరల్లోకి దూరిపోతాయి. పిక్సెల్ పోయిందనుకుని వేలితో నొక్కితే పురుగు అక్కడే చచ్చి శాశ్వతంగా చుక్కలా మిగిలిపోతుంది. నొక్కకుండా మానిటర్ ఆపేసి, పక్కన వేరే దీపం పెడితే బయటికొచ్చే అవకాశం ఉంది. ఓఎల్‌ఈడీకి బ్యాక్‌లైటే లేదు కాబట్టి ఈ బెడద లేదు. రాత్రి కిటికీ తీసి ఆడే అలవాటున్నవాళ్లు దీన్నీ లెక్కలో వేసుకోవాలి.

కరెంటు పోతే ఏమవుతుందన్నది అందరూ అడుగుతారు. స్విచ్ కట్టేస్తే ఏమవుతుందని ఎవరూ అడగరు. ఓఎల్‌ఈడీలో ప్రతి పిక్సెల్ తనంతట తాను వెలుగుతుంది, వెలిగినకొద్దీ అరుగుతుంది. అరుగుదల సమంగా ఉండేలా మానిటర్ తనను తాను సవరించుకుంటూ ఉంటుంది. ఏలియన్‌వేర్ రకాల్లో నాలుగు గంటల వాడకం తర్వాత స్టాండ్‌బైలోకి వెళ్లినప్పుడు కొన్ని నిమిషాలపాటు ఈ పని జరుగుతుంది. దానికి కరెంటు కావాలి. మన ఇళ్లలో పడుకోబోయే ముందు గోడ స్విచ్ కట్టేయడం, ఉరిమితే ప్లగ్ పీకేయడం చిన్నప్పటి నుంచీ నేర్పిన బుద్ధి. పిడుగుల వేళ ప్లగ్ పీకడం సరైన పనే, దాన్ని మానమనడం లేదు. రోజూ రాత్రి ఆట ముగియగానే గోడ దగ్గర ఆపేస్తే మాత్రం ఆ సవరణ ఎప్పటికీ జరగదు, టాస్క్‌బార్ మరకో, ఆటలో మూలన ఉండే మ్యాప్ మరకో త్వరగా అచ్చు పడుతుంది. బర్న్-ఇన్ అనేది ఇదే. ఓఎల్‌ఈడీ కొంటే ఇంట్లోవాళ్లందరికీ ఆ స్విచ్ గురించి చెప్పి ఉంచాలి.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పటి అనుభవం ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు. అలాంటి రాత్రుల తర్వాత కరెంటు వస్తూ పోతూ ఉంటుంది. మానిటర్ ఒక్కటే అయితే ఇన్వర్టర్‌కి బరువు కాదు. గేమింగ్ కంప్యూటర్ బరువే. కాబట్టి మంచి సర్జ్ ప్రొటెక్టర్‌కీ, ఫైళ్లు సేవ్ చేసుకుని ఆపుకునేంతసేపు నిలబడే యూపీఎస్‌కీ బడ్జెట్‌లో ముందే చోటుండాలి.

ఎప్పుడు, ఎక్కడ

మానిటర్ల క్యాలెండర్ జనవరిలో లాస్ వెగాస్‌లో మొదలై, మే-జూన్‌లో తైపే కంప్యూటెక్స్ ప్రదర్శనతో ఇంకోసారి కదులుతుంది. అక్కడ చూపించినవి మన దేశానికి నెలల తర్వాత వస్తాయి, కొన్ని అసలే రావు. అమ్మకాల క్యాలెండర్ దసరా-దీపావళి, జనవరి రిపబ్లిక్ డే, ఆగస్టు పదిహేను చుట్టూ తిరుగుతుంది. ఇక డెల్టాకి తన సొంత క్యాలెండర్ ఉంది. సార్వా ధాన్యం డబ్బు డిసెంబరు, జనవరిల్లో చేతికొస్తుంది, దాళ్వాది (రబీది) వేసవిలో. దసరా ఆఫర్ల నాటికి పొలంలో పైరే ఉంటుంది, జేబులో డబ్బుండదు, ఈఎంఐలో కొంటారు. ఆ వడ్డీ కలిపి చూస్తే దసరా తగ్గింపులో కొంత హరించుకుపోతుంది. సంక్రాంతి అయ్యీ కాగానే వచ్చే జనవరి ఆఫర్లే వ్యవసాయ కుటుంబాలకి బాగా కుదురుతాయి, అప్పుడే కొత్త రకాల ప్రకటనలూ వచ్చి ఉంటాయి కాబట్టి పాతవాటి మీద బేరానికి వీలుంటుంది. ఆక్వా ఇళ్ల సంగతి వేరు. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి ఎక్కినప్పుడు రొయ్య ధర ఎలా ఊగిందో చూశాక, చెరువు పట్టుబడి చేసేదాకా మానిటర్ మాట ఎత్తకపోవడమే మంచిదని వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

సర్వీసు దూరం మానిటర్ ధరలో భాగమే. వారంటీ కార్డు మీద మూడేళ్లని ఉంటుంది, ఇంటికొచ్చి చూస్తారా, మనమే మోసుకెళ్లాలా అన్నది చిన్నక్షరాల్లో ఉంటుంది. రాజోలు నుంచో మొగల్తూరు నుంచో 34 అంగుళాల వంపు తెరని బస్సులో రాజమహేంద్రవరమో విజయవాడో తీసుకెళ్లడం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. కొనకముందే కంపెనీ టోల్‌ఫ్రీకి ఫోన్ చేసి మన పిన్‌కోడ్ చెప్పి అడగాలి. ప్యానెల్ పగిలితే వారంటీ వర్తించదు, మార్చాలంటే దాదాపు కొత్త మానిటర్ ఖర్చే. ఓఎల్‌ఈడీ అయితే బర్న్-ఇన్‌కి వారంటీ ఉందా, అది ఇండియాలో అమ్మిన సరుక్కీ వర్తిస్తుందా అన్నది రాతపూర్వకంగా చూసుకోవాలి. ఈ ప్రశ్నలకి సూటిగా సమాధానమిచ్చే కంపెనీ రెండు వేలు ఎక్కువ అడిగినా ఇచ్చేయొచ్చు. సర్వీసు మనిషి ఇంటికి రాడని తేలితే ఓఎల్‌ఈడీని వదిలేసి వీఏకి దిగడం పిరికితనం కాదు.

బిల్లు లేకుండా తక్కువకిస్తామనే సరుకుతో ఈ గొడవలన్నీ రెట్టింపవుతాయి. మిల్లు పేరు మీదో దుకాణం పేరు మీదో జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి, మానిటర్ నిజంగా ఆ పనికే కొంటుంటే బిల్లు మీద ఆ నంబరు వేయించుకోవాలి, కట్టిన 18 శాతాన్ని లెక్కలో సర్దుకునే వీలుంటుంది. ఆటలకి కొని వ్యాపారం పేరు రాయించడం వేరే కథ, అది ఆడిటర్‌తో తేల్చుకోవాల్సింది.

ఇక తీర్పు. మంచి కార్డుండి, ఆడేవి వెడల్పు తెరకి తగ్గ ఆటలై, 40 వేల లోపు బడ్జెట్ అనుకున్నవాళ్లు 34 అంగుళాల 3440×1440 వీఏనో ఐపీఎస్‌నో ఇప్పుడే కొనేయొచ్చు. అదే 34 అంగుళాల్లో ఇంకా చవగ్గా దొరికే 2560×1080 రకం వద్దు. అంగుళానికి 82 పిక్సెల్‌లే, దాని మీద తెలుగు చదవడం కంటికి శిక్ష. ఓఎల్‌ఈడీ మీద ఆట మాత్రమే అయితే 240 హెర్ట్జ్ రకాన్ని వచ్చే మంచి ఆఫర్‌లో పట్టుకోవచ్చు. పనీ ఆటా రెండూ దాని మీదే అయితే వీ-స్ట్రైప్ మన దుకాణాల్లోకి వచ్చేదాకా ఆగాలి, 2026 దసరాని గడువుగా పెట్టుకోవడం సబబు. అప్పటికీ రాకపోతే ఉన్నదాంట్లో కొనేయాలి. 5కే2కే కోసం చూసేవాళ్లు మానిటర్ కోసం కాదు, దాన్ని మోసే కార్డు తమ స్తోమతలోకి దిగడం కోసం ఆగుతున్నారు. ఆ దిగడం దగ్గర్లో కనిపించడం లేదు. వాలరెంట్, పీఎస్5 వాళ్లకి 27 అంగుళాల మామూలు తెర చాలు, మిగిలిన డబ్బుతో కుర్చీ మార్చుకోవచ్చు.

ఎప్పుడు కొన్నా పెట్టె విప్పేటప్పుడు మొదటి నుంచి చివరి దాకా ఫోన్‌లో ఆగకుండా వీడియో తీయాలి. అదే రోజు ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు, నలుపు రంగులు తెర నిండా పరిచి చచ్చిన పిక్సెల్‌లు వెతకాలి. రాత్రి దీపాలార్పి మూలల్లో వెలుగు కారుతోందేమో చూడాలి. మార్పిడికి ఇచ్చే గడువు సాధారణంగా వారం, పది రోజులే. పెట్టెనీ లోపలి థర్మోకోల్‌నీ కనీసం వారంటీ ముగిసేదాకా అటక మీద దాచాలి, అవి లేకుండా కొరియర్ వాళ్లు వంపు తెరని ముట్టుకోరు.